ఇనుప కొప్పెరలో నల్లబడ్డ ఉసిరి పప్పు

1950వ సంవత్సరం కార్తీక మాసంలో, మానుకోట దగ్గరి గూడూరు దిక్కు అడవంచున పెట్టిన ఒక పునరావాస క్యాంపులో నన్ను వంటమనిషిగా తీసుకున్నారు. పోస్టు తాత్కాలికం. కాగితం ఏదీ ఇవ్వలేదు. ఇచ్చినా చదివే శక్తి నాకు అప్పటికి లేదు. పట్నం నుంచి తెచ్చుకున్న వంటవాడు పారిపోయాడు కాబట్టి, క్యాంపు జమేదారు మా వాడకు వచ్చి, "రేపటి సంది పొయ్యి నీది" అని చెప్పిపోయాడు. తర్వాత మానుకోట సర్కారు దవాఖాన వంటశాలలో పెద్ద వంటమనిషిగా రిటైరయ్యేదాకా నేను చేసిన ఉద్యోగానికి అదే మొదలు.

పునరావాసం అంటే ఇప్పటివాళ్లు చెరువు కింద ఊరు మునిగితే ఇచ్చే ఇళ్లనుకుంటారు. ఇది అది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం చివరి రోజులవి. సంఘం దళాలు అడవిలోకి పోయాయి. అడవిలోని గూడేలు వాళ్లకు అన్నం పెడుతున్నాయని సర్కారు ఆ గూడేలను లేపి, అడవి బయట కంచె కట్టి, లోపల పాకలు వేసి జనాన్ని ఉంచింది. ఎవరి చేను వాళ్లకు లేదు. ఎవరి పొయ్యి వాళ్లకు లేదు. విడిగా వండుకుంటే మిగిలిన మెతుకు దళానికి పోతుందని అనుమానం. అందుకని అందరికీ కలిపి ఒకటే వంట.

ఆ వంటకు నన్ను పెట్టారు. పైన క్యాంపు ఆఫీసరు, కోస్తా నుంచి వచ్చిన పోలీసాయన. ఆయన కింద జమేదారు, మా దిక్కువాడే. జమేదారు కింద తుపాకులు పట్టిన జవాన్లు. ఇక కంపౌండరు, అంటే డాక్టరు లేనిచోట మందులిచ్చే మనిషి, వారానికోసారి సైకిలు మీద వచ్చేవాడు. ఆయన పేరు సమాధానం, ఊరు డోర్నకల్. ఈ వరుసలో నా స్థానం నీళ్లు మోసేవాడికన్నా కింద. నాకు దాంతో పేచీ లేదు. పొయ్యి ముందు కూర్చున్నవాళ్లను దాటి ఎవరికీ ముద్ద దిగదు.

సర్కారు ఇచ్చే సరుకులు ఇవి: మరపట్టిన తెల్ల నూకలు, ముక్కిపోయిన కందిపప్పు, ఉప్పు, ఎండుమిరప. కూరగాయ కనపడితే పండగ. కుండలు చాలవని ఎక్కడి నుంచో చెరుకు రసం కాచే ఇనుప కొప్పెర ఒకటి తెచ్చి నాకు అప్పజెప్పారు. మనిషి కూర్చుంటే మునిగేంత వెడల్పు. పప్పంతా దాంట్లోనే.

నేను చేరేసరికి ఆ జనం అక్కడికి వచ్చి ఒక వానాకాలం గడిచింది. వడ్డించిన మొదటి రోజే నాకు కనిపించింది, ఎవరూ ముద్ద నమలడం లేదు. నాలుక మీద పెట్టుకొని మింగుతున్నారు. అందరికన్నా అన్యాయంగా ఉన్నది ముత్తక్క. కోయ పిల్ల, చంటిబిడ్డ తల్లి. నాకంటే చిన్నది, అయినా గూడెం అలవాటు కొద్దీ నేనూ అక్క అనే పిలిచాను, ఆమే నన్ను లచ్చక్క అనేది. చిగుళ్లు ఉబ్బి కమిలిపోయాయి. మాట్లాడితే పళ్ల సందుల్లో నెత్తురు. పిక్కల మీద నీలం మచ్చలు. ఎప్పుడో చిన్నప్పుడు కొడవలి కోసుకొని మానిన గాయం మళ్లీ విచ్చుకుంది. పాలు తగ్గి బిడ్డ గుక్కపెట్టి ఏడ్చేది.

సమాధానం గారిని అడిగాను. ఆయన దాచలేదు. "దీని పేరు నాకెర్కనే అమ్మా. కాయా పండు లేకపోతే వచ్చే రోగం. మాత్రలు కావాలని రాసి పంపిన. రాలే. నిమ్మకాయలన్న దొరికితే పెట్టు" అన్నాడు.

నిమ్మకాయలు ఎక్కడివి? ఉసిరి పనికొస్తుందా అని అడిగాను. ఆయన నవ్వాడు. "ఉసిరి ఉంటే నిమ్మకాయ ఎందుకు?"

ఉసిరి చెట్లు కంచె దగ్గర నిలబడి చూస్తే కనిపిస్తున్నాయి. వాగు ఒడ్డున, కార్తీకం కాబట్టి కొమ్మలు వంగి ఉన్నాయి. ఈ జనం అడవిలో ఉన్నప్పుడు తినేది అదే. ఉసిరి, తునికిపండు, మొర్రిపండు, నేరేడు, చెన్నంగాకు, దంచిన జొన్న. అన్నింటిలోనూ ఎంతో కొంత వగరు. నాలుకను పట్టుకొని, దవడలు దగ్గరికి లాగే రుచి. కంచె లోపల వాళ్లకు పెట్టిన తిండిలో వగరన్నదే లేదు. నేను చూసింది అంతవరకే. మిగతా శాస్త్రం నాకు ముప్పై ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

మరునాడు ఆఫీసరు దగ్గరికి పోయి, గిట్ల జనం నోళ్లు పుచ్చుతున్నయి, వాగుకాడికి నలుగురిని పంపితే ఉసిరికాయలు తెస్తరు, గట్ల పప్పుల ఏస్త అని చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పక్కనున్న జవాను వైపు చూసి కన్నుకొట్టాడు.

"గిట్ల, గట్ల! ఏవిటే ఆ గోల? కాస్త తెలుగులో చెప్పి తగలడు."

"మీకు సమజైందా లేదా సారూ?" అన్నాను.

"అయింది."

"అయితే అది తెలుగే."

జవాను ముఖం తిప్పుకున్నాడు. ఆఫీసరు నవ్వు ఆగిపోయింది. అడవిలోంచి ఏదీ లోపలికి రాకూడదని నిబంధన ఉందని, కాయలేరబోయినవాడు దొంగల కబురు మోసుకొస్తాడని, అడవి తిండి మీద అంత మోజుంటే నన్ను కూడా కంచె లోపలే పెడతానని చెప్పాడు. లోపలికి రాగలిగేవి మూడే: సర్కారు సరుకు, కట్టెలు, మందులు.

కట్టెల కోసం వాగు దాకా పోయే హక్కు నాకు ఉద్యోగరీత్యా ఉంది. పోయాను. కట్టెలతోపాటు ఒడినిండా ఉసిరికాయలు తెచ్చాను. దాచుకొని రాలేదు. గేటు దగ్గర దక్షిణాది జవాను ఒకడు తుపాకీ అడ్డం పెట్టి ఒడిలో ఏముందని సైగ చేశాడు. ఒక కాయ చేతిలో పెట్టి, కొరుకు అన్నాను. కొరికాడు. ముఖం ముడుచుకుపోయింది, వాళ్ల భాషలో ఏదో తిట్టాడు. నీళ్ల కడవ చూపించి తాగమన్నాను. తాగాక కళ్లు విప్పారాయి. ఉసిరి తిని నీళ్లు తాగితే నీళ్లే తియ్యబడతాయి కదా. ఇంకో రెండు కాయలు తీసుకొని తుపాకీ పక్కకు జరిపాడు. ఆ తర్వాత వాడున్న పూటే నేను కట్టెలకు పోయేదాన్ని.

కాయలను రోటిలో కచ్చాపచ్చాగా దంచి, గింజ తీసేసి, పప్పు ఉడికి మంట తగ్గాక చివర్లో వేసేదాన్ని. ఎక్కువసేపు ఉడికితే చేదెక్కుతుందని మా అత్త నేర్పింది. మొదటిరోజు గరిటె తిప్పుతుంటేనే పప్పు రంగు మారింది. ముందు బూడిద, తర్వాత నీలి, కాసేపటికి కాటుక. నేను భయపడలేదు. కత్తిపీట మీద ఉసిరి కోస్తే కత్తి నల్లబడుతుందని ఇంట్లో చూసినదాన్నే. కొప్పెర ఇనుముది, ఇంకేమవుతుంది? కానీ గూడెంలో మట్టికుండల్లో వండుకునేవాళ్లు అంత నల్లటి పప్పు ఎన్నడూ చూడలేదు. వరుసలో ఉన్నవాళ్లు దొప్పలు వెనక్కి తీసుకున్నారు. అప్పుడు ముత్తక్క ముందుకొచ్చింది. "నా నోరు దీనికన్న నల్లగున్నది. బొయ్యి లచ్చక్కా" అంది. పోశాను. పులుపుకు చిగుళ్లు మండి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే దొప్ప నాకేసింది.

కొన్ని రోజులకు ఆమె పళ్ల సందుల్లో నెత్తురు ఆగింది. ఇంకొన్నాళ్లకు ముద్ద నమిలింది. బిడ్డ ఏడుపు తగ్గింది. పప్పు రంగు గురించి ఎవరూ మాట్లాడటం మానేశారు.

సరిగ్గా కంపౌండరు రావలసిన రోజునే, మధ్యాహ్నం వడ్డన వేళ, ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఎన్నడూ పొయ్యి దాకా రాని మనిషి కొప్పెరలోకి తొంగిచూశాడు.

"ఏవిటే ఈ బురద?"

నేను నోరు తెరిచేలోపు ముత్తక్క, బిడ్డను చంకనేసుకొని, నన్ను మెచ్చుకుందామని ముందుకొచ్చింది. "బురద గాదు సారూ! మా లచ్చక్క దీంట్ల మందేసింది. గందుకే..."

గందుకే తర్వాత మాట ఆయన చెవిన పడలేదు. మన భాషలో మందు అంటే వైద్యుడిచ్చేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, సీసాలో తాగేదీ మందే. ఇక వంటచేసే ఆడది కూట్లో మందేసిందంటే, పగబట్టి విషం కలిపిందని అర్థం. దళాలకు భయపడి కంచె కట్టుకున్న పోలీసుకు ఇన్నింటిలో ఏది ముందు వినిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

"విషం కలిపావా? ఎవరు చెప్పారు నీకు? ఏ దళం?" అని అరిచాడు. కొప్పెర పారబొయ్యమని, నన్ను కట్టేసి వరంగల్ జైలుకు పంపమని జమేదారుకు ఆర్డరు వేశాడు. ఆ రోజుల్లో ఆ మాట ఉత్త బెదిరింపు కాదు. మా వాడలో అట్లా పోయినవాళ్లు అందరూ తిరిగి రాలేదు.

జమేదారు ఉరికొచ్చి కొప్పెర చెవి పట్టుకున్నాడు. అది బాగా కాలిన ఇనుము. అమ్మో అని చెయ్యి వదిలేసి గంతులేశాడు.

"కాలుతది జమేదార్ సాబ్. జర సల్లారనీ, అప్పుడు పారబోద్దువు" అన్నాను.

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు చెయ్యి నడుముకున్న పిస్తోలు మీదికి పోయింది. నవ్వు ఆగింది. నేను గరిటె వదల్లేదు. ఒక దొప్ప తీసుకొని నిండా పోసుకున్నాను. ముందు నేను తింటానని, చస్తే కొప్పెర పారబొయ్యమని, బతికితే ఆయన కూడా తినాలని చెప్పి, నిలబడే తాగేశాను. నాలుక కాలింది. కాలినట్టు కనపడనివ్వలేదు.

"విషమైతే సాయంత్రానికి తెలుస్తుంది. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాడాయన.

"సాయంత్రం దాక పస్తుంటే నా పిల్లకు పాలెక్కడియి?" అని ముత్తక్క దొప్ప చాచింది. "బొయ్యి అక్కా."

పోశాను. ఆమె వెనక ఒక ముసలాయన చాచాడు. ఆయన వెనక ఇంకొకరు. ఎవరూ అరవలేదు, ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు దొప్పలు చాచారు, నేను పోస్తూనే ఉన్నాను. పిస్తోలు పట్టుకున్న మనిషికి పప్పు తాగుతున్న జనాన్ని ఏ నేరం కింద కాల్చాలో తెలియలేదు. ఆ ముసలాయన మూతి తుడుచుకొని, "సారుకు గూడ ఓ దొప్ప బొయ్యే బిడ్డా. పాపం, తెల్లగ పాలిపోయిండు" అన్నాడు. ఈసారి జవాన్లు కూడా నవ్వారు.

అప్పుడు సమాధానం గారి సైకిలు వచ్చింది. ఆఫీసరు ఆయన్ను పిలిచి, పరీక్ష చేసి విషమని రాసివ్వమన్నాడు. ఆయన వేలితో కొద్దిగా తీసి నాకాడు. జేబులో కలం తీసి, పాళీని పప్పు తేటలో ముంచి, అరచేతిలో గీత గీశాడు. నల్లటి గీత పడింది.

"సిరా సార్" అన్నాడు. "మా బడిల కరక్కాయ, అన్నభేది కలిపి గిట్లనే చేసుకునేటోళ్లం. అన్నభేదిల ఉన్నది ఇనుమే. వగరుకు ఇనుము తగిలితే నల్లబడుతది. విషం గాదు."

ఆఫీసరు, విషం కాకపోయినా అడవి సరుకే కదా, నిబంధన తప్పినట్టే కదా అని పట్టుకున్నాడు. సమాధానం గారు తొందరపడలేదు. మందులు లోపలికి రావచ్చని నిబంధన ఉన్నది కదా అని అడిగాడు. ఉన్నదన్నాడాయన. ఇంతసేపు దీన్ని అందరూ మందనే అంటున్నారు కదా అన్నాడు. ఉసిరికాయలను తన మందుల కింద రాసుకుంటానని, తానే చిట్టీలిస్తానని చెప్పాడు. తిండైతే ఆపే గేటు మందైతే తెరుచుకోవాలి. ఆఫీసరు ఒప్పుకున్నాడు, కానీ ఒక మెలిక పెట్టాడు: చిట్టీ ఉన్న రోగులకే ఉసిరి, మిగతావాళ్లకు ఉత్త పప్పు.

సమాధానం గారు నా వైపు చూసి, ఊరుకో అన్నట్టు తలాడించాడు. ఆయన మంచివాడు, దొరికినంత చాలనుకునే మనిషి. నేను ఊరుకోలేదు.

"ఒకటే కొప్పెర సారూ. చిట్టీ ఉన్నోళ్ల పప్పు ఈ పక్కకు, లేనోళ్ల పప్పు ఆ పక్కకు ఉడుకుతదా? రేపు నోట్ల నెత్తురొస్తేనే చిట్టీ ఇస్తరా? నెత్తురు రాకుండ ఉండనీకె గదా తినేది!"

ఆయన జవాన్లను తీసుకొని వెళ్లిపోయాడు. సాయంత్రం జమేదారు, చేతికి ఆకుపసరు కట్టుకొని, ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమన్నాడు. చదివి వినిపించమన్నాను. తనకూ చదువు రాదన్నాడు. అయితే ఇద్దరికీ తెలియని మాటకు నా వేలు ఎందుకు పెట్టాలని తిప్పి పంపాను.

ఉసిరి కాలం అయిపోయేదాకా ఆ కొప్పెరలో పప్పు నల్లగానే ఉడికింది, అందరికీ అదే పోశాను. నన్ను తీసెయ్యాలంటే ఇంకో వంటమనిషి కావాలి, దొరకలేదు. మాఘంలో దొరికాడు, తీసేశారు. అప్పటికే ముత్తక్కా నేనూ కాయలు దంచి ఉప్పు చల్లి నీడకు ఎండబెట్టాం. కొత్తవాడికి అవి ఎట్లా వాడాలో ముత్తక్క దగ్గరుండి చెప్పిందని తర్వాత విన్నాను. క్యాంపులు ఎత్తేశాక ఆమె బిడ్డను తీసుకొని భూపాలపల్లి దిక్కు చుట్టాల దగ్గరికి పోయింది. ఆ బిడ్డ నడిచే వయసులో ఒకసారి చూశాను. ముత్తక్క చెరుకుముక్క పళ్లతో చీల్చి పిల్ల చేతిలో పెడుతున్నది.

సమాధానం గారి మాట మీద నాకు మానుకోట దవాఖాన వంటశాలలో పని దొరికింది. ముప్పై దాటాక అక్కడే, వయోజన బడిలో, అక్షరాలు నేర్చుకున్నాను. రిటైరయ్యే ముందు విశ్వవిద్యాలయం వాళ్లు కొందరు జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఊళ్లు తిరిగి జొన్నలు, రాగులు, ఉసిరి, నేరేడు పోగుచేసుకుంటూ మా వంటశాలకూ వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయిని వదలకుండా అడిగి తెలుసుకున్నాను. నేను వగరు అనేదాంట్లో ఎక్కువ భాగాన్ని వాళ్లు పాలీఫినాల్స్ అంటారు. కాయను స్పిరిట్లో నానబెట్టి ఒక ద్రావకం కలిపితే నీలం రంగు వస్తుంది, ఎంత ముదురు నీలమైతే అంత ఎక్కువ ఉన్నట్టు. కోసిన వంకాయ గాలికి కమిలినట్టు ఒంట్లోనూ కమిలేవి ఉంటాయని, ఆ దెబ్బను ఈ పాలీఫినాల్స్ అడ్డంపడి తమ మీదికి తీసుకునే గుణాన్ని యాంటీ ఆక్సిడెంట్ గుణమంటారని చెప్పింది. జొన్న, వరి పైపొట్టులో అవి ఎక్కువ, మరపట్టి తెల్లగా చేస్తే తవుడుతో పోతాయి.

ముత్తక్క చిగుళ్లు మాన్పింది మాత్రం వగరు కాదు, ఉసిరిలోని సి విటమిన్ అని ఆ అమ్మాయే చెప్పింది. ఎండిన ఉసిరిలో ఆ విటమిన్ తొందరగా చెడిపోకుండా వగరు కాపలా కాస్తుందని చాలామంది అంటారట. వగరంతా మంచిదనీ అనుకోవద్దంది. నెత్తురు తక్కువున్నవాళ్లు ముద్దముద్దకూ టీ తాగితే, టీలోని వగరు తిండిలోని ఇనుమును పట్టుకొని ఒంటికి అందనివ్వదు. కొప్పెరలో చేసిన పనే కడుపులో చేస్తుందన్నమాట. గాజు గొట్టంలో కనిపించిన బలం ఒంట్లోనూ అంతే ఉంటుందని తాము చెప్పలేమని కూడా అంది. చదువుకున్నవాళ్ల నోట నేను విన్న మంచి మాటల్లో అదొకటి.

ఆ రోజుల్లోనే దవాఖానకు కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు, నేను రోగుల పప్పులో వేసే ఉసిరి పొడిని వంటశాల నుంచి మందుల గదికి మార్చి, రాసిచ్చినవాళ్లకే ఇవ్వాలన్నాడు. సంతకం పెట్టమని కాగితం పంపాడు. ఈసారి నేనే చదివాను. చదివి, పెట్టనని కింద రాసి పంపాను. తగాదా నడిచింది, పొడి వంటశాలలోనే ఉంది.

ఆ క్యాంపు నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. తిండి అన్నంతసేపూ అది తినేవాళ్లది. మందు అనగానే చిట్టీ రాసేవాడొకడు, గేటు కాసేవాడొకడు పుట్టుకొస్తారు. ఉసిరిని మందని పేరు పెట్టి లోపలికి తెచ్చుకోవలసి వస్తే తెచ్చుకోవాలి, తప్పులేదు. వడ్డించేటప్పుడు మాత్రం పప్పు అనే వడ్డించాలి. నేను చివరిదాకా అట్లాగే వడ్డించాను.